కబురు అందని ఒళ్ళు

మా ఇంట్లో తెల్లవారిందంటే ముందు బకెట్ చప్పుడే. ఆయన ముందురోజు విడిచిన పనిబట్టలు నీళ్ళలో పడేవి. సిమెంటు పాలు ఎండి ప్యాంటు మోకాళ్ళ దగ్గర అట్టలా బిగుసుకుపోయేది. గోడకు ఆనించి పెడితే ఒక్కోరోజు మనిషి లేకుండానే నిలబడేది. "నాన్నా, లే. నీ ప్యాంటు నీకంటే ముందే పనికి బయల్దేరింది" అని మా పిట్ట ఆయన్ని లేపేది. ఆ బట్టలు నేరుగా ఉతికితే చేతులు గీసుకుపోతాయి. గంటసేపు నానాక బ్రష్షుతో రుద్దాలి. ఆ నీళ్ళు కాలవలో పోస్తే అక్కడే గట్టిపడి కాలవ పూడిపోతుంది కాబట్టి బయట మట్టిలో పారబొయ్యాలి. పద్దెనిమిదేళ్ళు నా పొద్దు అలాగే మొదలైంది.

ఇప్పుడు ఆ బకెట్ బోర్లించి ఉంది. ఆయన పోయి ఇరవై నెలలయింది. ఆ వేళకు మెలకువ రావడం మాత్రం మానలేదు. మెలకువ వచ్చాక చేతులు ఊరుకోవు కదా. అవి పోయి పిల్ల మెడ మీద పడ్డాయి.

పిట్ట అంటే మా ఒక్కగానొక్క కూతురు. పదహారేళ్ళు. మనిషి పిట్టంత, నోరు గంపంత. అది నిద్రలో ఉండగానే దవడ కింద, చెవుల వెనక, భుజం ఎముక పైన మూడు వేళ్ళతో మెల్లగా నొక్కి చూసేదాన్ని. అలా చూడడం ఆయన కోసం నేర్చుకున్నాను. పిల్లకు ఎందుకు చూసేదాన్నో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన సెంట్రింగ్ మేస్త్రి. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పొయ్యకముందు కింద ఇనప జాకీలు నిలబెట్టి, వాటి మీద రేకులు పరిచి, నూనె పూసి, పచ్చి కాంక్రీటును మోసే ఏర్పాటు చేస్తారు చూడండి, అదీ ఆయన పని. నిలబెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయనకు పేరు వచ్చింది విప్పడంలో. స్లాబు గట్టిపడ్డాక ఆ జాకీలూ రేకులూ ఒక్కొక్కటే తీసెయ్యాలి. ముందే తీస్తే నెత్తిన పడుతుంది. తియ్యకుండా వదిలేస్తే ఇంట్లో అడుగు పెట్టడానికి చోటుండదు. గది అయితే నడుమ నుంచి మొదలుపెట్టి గోడల వైపు రావాలి. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ అయితే కొస నుంచి గోడ వైపు రావాలి. ఇంజనీరు దగ్గర్నుంచి కబురు వచ్చేదాకా ఆయన ఒక్క మేకు పీకనిచ్చేవారు కాదు. కబురు వచ్చాక ఒక్క జాకీ మిగలనిచ్చేవారు కాదు.

"కట్టడం ఎవడైనా కడతాడే. సమయానికి విప్పడం తెలియాలి" అనేవారు ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడి.

"అయితే ముందు ఆ బూట్లు విప్పండి, సమయం అయింది" అనేదాన్ని.

పనిలో అందరూ ఆయన్ని బిళ్ళల మేస్త్రి అనేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ మెడకు రెండు పక్కలా గవదబిళ్ళలు లేచినట్టు గడ్డలు ఉండేవి. నొప్పీ లేదు, తగ్గడమూ లేదు. ఆయన అక్క, అంటే మా వదిన, మా కింది వాటాలోనే ఉంటూ బట్టలు కుడుతుంది. తమ్ముడి చొక్కాలన్నిటికీ కాలర్ అంగుళమున్నర ఎక్కువ పెట్టేది. "వీడికి చొక్కా కుడుతుంటే ఎద్దుకి పట్టెడ కుట్టినట్టుంటుంది" అని విసుక్కునేది. అయినా ఆ అంగుళమున్నర ఇంకొకళ్ళ చేతిలో పెట్టేది కాదు.

గడ్డలతో పోతే ఆ పేరుకు ఆయన కూడా నవ్వి ఊరుకునేవారే. ఉండుండి మనిషి పాలిపోయేవారు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. తొడల మీదా చేతుల మీదా నీలం మచ్చలు. అడిగితే "జాకీ తగిలింది" అనేవారు. అన్ని జాకీలూ ఏరికోరి ఆయనకే ఎందుకు తగులుతాయో నాకు అర్థమయ్యేది కాదు. మా పెళ్ళికి ముందే ఎక్కడో కడుపు కోసి, ఎడమ పక్కన బాగా ఉబ్బిపోయిన ప్లీహాన్ని తీసేశారు. రక్తాన్ని అదే నమిలేస్తోందని చెప్పారట. కొన్నేళ్ళు బాగున్నారు. మళ్ళీ మొదలయింది.

ఎన్ని ఆస్పత్రులు తిరిగినా ఆయన చేసే తప్పు ఒకటే. "ఈ గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని డాక్టర్లు అడిగేవారు. ఆయన నిజాయితీగా అన్నిటికంటే కొత్త గడ్డ వయసు చెప్పేవారు, "రెండు నెలలండీ" అని. పాతవాటి గురించి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పేవారు కాదు. పాతవి ఆయన లెక్కలో ముక్కూ చెవుల్లాంటివి.

ఆరేళ్ళ కింద పెద్దాస్పత్రిలో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మెడ పట్టుకుని చూసి, "మీ చిన్నప్పటి ఫోటో ఏదైనా ఉందా?" అని అడిగింది. గడ్డల జబ్బుకు ఫోటో ఎందుకో మాకు తెలియలేదు. మళ్ళీసారి వదిన దగ్గరున్న బడి ఫోటో పట్టుకెళ్ళాం. అందులో ఆయనకు ఎనిమిదేళ్ళు, మెడ అప్పుడే ఇప్పటంత. దాన్ని చూడగానే ఆమె రకరకాల పరీక్షలు రాసింది. అవన్నీ వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద సున్నా గీసింది. నేను చదివింది ఐదు, ఆయన ఏడు. మాకు అర్థమయ్యేట్టు చెప్పాలని ఆమె చాలా ఓపిక పట్టింది.

"మన రక్తంలో తెల్లకణాలుంటాయి. జలుబు చేసినా పుండు పడినా కుప్పలుగా పుట్టుకొచ్చి పోట్లాడతాయి. పోట్లాట అయ్యాక వాటితో పని లేదు. చచ్చిపోవాలి."

"ఎవరు చంపుతారండీ?" అని ఆయన అడిగారు.

"ఎవరూ చంపక్కర్లేదు. వాటంతట అవే చస్తాయి. ఇదిగో, కణం పైపొర మీద ఇలా కొక్కేల్లాంటివి బయటికి ఉంటాయి. రిసెప్టర్లు అంటాం. ఇంకో కణం వచ్చి, దానికి సరిపోయే ముక్కతో తాకుతుంది. తాకగానే లోపలికి కబురు పోతుంది, ఇక చాలు అని. అప్పుడు ఆ కణం తన్ను తానే ముక్కముక్కలుగా విప్పుకుని మూటలు కట్టుకుంటుంది. ఆ మూటల్ని పక్కవి మింగేస్తాయి. చుట్టుపక్కల ఒక్క గీత పడదు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. పద్దెనిమిదేళ్ళలో నా మాట ఒక్కటైనా అంత శ్రద్ధగా విన్నట్టు నాకు గుర్తు లేదు.

"మరి నాకు?"

"మీ కణాల మీద ఆ రిసెప్టర్ పుట్టుకతోనే వంకర. ఎంత తాకినా లోపలికి కబురు పోదు. పోవాల్సినవి పోకుండా మెడలో, చంకల్లో పోగుపడుతున్నాయి. పనీపాటా లేనివాళ్ళు ఊరికే కూర్చోరు కదా. మీ రక్తం మీదే పడుతున్నాయి."

"అంటే మేడమ్, స్లాబు ఎప్పుడో గట్టిపడింది. నా జాకీలే ఎవరూ తియ్యట్లేదు" అన్నారు ఆయన.

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. మేస్త్రిగారు ఆమె కాగితమే లాక్కుని సున్నా పక్కన స్లాబు గీసి, జాకీలు గీసి, నడుమ నుంచి ఎలా విప్పాలో చెప్పారు. బయట నలభైమంది రోగులు కూర్చుని ఉన్నారు. ఆమె మొత్తం విని, "ఇంతకాలం నేను దీన్ని చాలా కష్టపెట్టి చెబుతున్నాను" అని నవ్వింది.

"అన్నీ వంకరేనా? కొన్నైనా బాగుండవా?" అని ఆయన మళ్ళీ అడిగారు.

"ఈ రిసెప్టర్ తయారీకి అమ్మ నుంచి ఒక నమూనా, నాన్న నుంచి ఒకటి వస్తాయి. మీకు ఒకటి మంచిదే. కానీ ఈ రిసెప్టర్లు మూడేసి కలిసి నిలబడితేనే పని చేస్తాయి. మూడింట్లో ఒక్కటి వంకరైనా మిగతా రెండూ దండగే."

"మూడు కాళ్ళ పీట."

"అదే." ఆమె కాగితం మీంచి తలెత్తి, "పిల్లలున్నారా?" అంది.

ఒక అమ్మాయి అన్నాం. మీ మంచి నమూనా వెళ్ళి ఉండొచ్చు, చెడ్డది వెళ్ళి ఉండొచ్చు, సగానికి సగం అంది. రక్తం తీసి చూస్తే తెలిసిపోతుందనీ, ముందే తెలిస్తే ప్లీహం దాకా రాకుండా మందులతో నడపొచ్చనీ, ఆ గడ్డలు ఎప్పుడైనా కేన్సర్ వైపు తిరుగుతాయేమో కనిపెట్టుకుని ఉండొచ్చనీ చెప్పింది.

బస్సు దిగి వచ్చాక ఆయన ఇంటి మెట్ల దగ్గర ఆగారు.

"పిల్ల రక్తం తియ్యొద్దు."

"తెలిస్తే మంచిదే అంది గదండీ ఆవిడ."

"తెలిస్తే దానికీ తెలుస్తుంది. ఇప్పుడు గెంతుతోంది గదా, గెంతనీ."

"మీరేనా ఈ మాట అనేది? కబురు రాకుండా మేకు పీకనివ్వని మనిషి!"

"అది స్లాబే. ఇది నా కూతురు."

నేను గట్టిగా పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే ఆయన వద్దన్నందుకు నాకు లోపల హాయిగానే అనిపించింది. మేము వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ పిల్ల పరీక్ష సంగతి అడిగేది. మేము "ఈసారి తీసుకొస్తాం" అనేవాళ్ళం. మందులు పట్టాయి. ఆయన పాలిపోవడం తగ్గింది. వదిన కాలర్‌కు అరంగుళం తగ్గించి, అదేదో తన కుట్టు గొప్పతనమైనట్టు వీధంతా చెప్పుకుంది. నాలుగేళ్ళు మంచిగా గడిచాయి.

ప్లీహం లేనివాళ్ళకు జ్వరం వస్తే గంట కూడా ఆగొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. మేము ఆగలేదు. మధ్యాహ్నం పని మీద ఉండగా వణుకు వచ్చింది. సాయంత్రానికల్లా ఆస్పత్రిలో ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన లేరు. వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. ఈ సంగతి ఇంతకంటే రాయలేను. ఆ రోజు సగం విప్పి వదిలిన స్లాబును ఆయన మనుషులు తర్వాత వెళ్ళి, ఆయన చెప్పిన వరసలోనే విప్పారట. వాళ్ళలో పెద్దాయన ఇంటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఒక్కటి కూడా మిగల్చలేదమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే నా వేళ్ళకు పిట్ట మెడ పని పడింది. ఏడాది పాటు ఏమీ తగల్లేదు. ఆరు నెలల కింద ఒక పొద్దున్న కుడి దవడ కింద శనగగింజంత గడ్డ తగిలింది. మర్నాడు నొక్కాను, ఉంది. ఆ మర్నాడూ ఉంది. రెండు నెలలకు చింతపిక్కంత అయింది. ఇంకో రెండు చిన్నవి దాని పక్కన చేరాయి. కిందికి పోయి వదినతో చెప్పాను.

"ఒక్కతే కూతురు కాబట్టి నీ కళ్ళకి ఆవగింజ గుమ్మడికాయ" అని వదిన కొట్టిపారేసింది. కానీ ఆ సాయంత్రమే పైకి వచ్చి, "ఇలా రావే, నీకు జాకెట్టు కుట్టాలి" అని పిట్టను పిలిచి, మెడ చుట్టూ టేపు వేసింది. రెండుసార్లు కొలిచింది. టేపు తన మెళ్ళో వేసుకుని దిగిపోయింది. కాసేపటికి మెట్ల మీద నుంచి మళ్ళీ గొంతు వినిపించింది.

"ఏమే, ఆస్పత్రికి ఎప్పుడు వెళ్దాం?"

పిట్టకు ఎలా చెప్పాలా అని ఇద్దరం గింజుకున్నాం. తీరా చూస్తే దానికి అన్నీ తెలుసు. వాళ్ళ నాన్న గీసిన ఆ కాగితం నా పెట్టెలోంచి ఎప్పుడో తీసి చూసిందట. చదువుకున్న పిల్ల కదా, మిగతాది తనే తెలుసుకుంది.

"నాన్నకి భయం, నీకు భయం, అత్తకి భయం. చెయ్యి నాది, రక్తం నాది. పదండి" అంది. మళ్ళీ వాళ్ళ అత్త వైపు తిరిగి, "ఈ పరీక్షలో ఏమీ రాకపోతేనే మంచిదట అత్తా. బళ్ళో నాకు అలవాటే గదా" అంది.

"నీ నోటికి స్లాబు పొయ్య!" అని వదిన దాని వీపు మీద ఒక్కటిచ్చింది. కళ్ళలో నీళ్ళు కనపడకుండా అటు తిరిగి ఇచ్చింది.

రక్తం తీసి, ఆరు వారాలు పడుతుందన్నారు. పొద్దున ఒకసారి చూసేదాన్ని సాయంత్రం కూడా చూడడం మొదలుపెట్టాను. మనసు నిలవకపోతే మధ్యలో ఇంకోసారి కూడా. ఆ చింతపిక్క ఒకనాడు పెరిగినట్టు, ఒకనాడు తగ్గినట్టు ఉండేది. ఒక రోజు నొక్కితే పిట్ట "అబ్బా" అంది. ఆయన గడ్డలు ఎన్నడూ నొప్పెట్టలేదని నాకు తట్టలేదు.

మొన్న మంగళవారం పిలిచారు. గోడకు ఇనప కుర్చీలు, మూలన బరువు చూసే మిషను, తలుపు మీద ఎర్ర అంకెలు. మాది ముప్పై ఒకటి. వదిన సంచి గుండెలకు హత్తుకుని కూర్చుంది. పిట్ట మాత్రం లేచి వెళ్ళి బరువు చూసుకుని వచ్చింది. మా అంకె వెలిగింది. లోపలికి పోయాం.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోమనే లోపే చెప్పేసింది. ఆ ఉపకారం నేను మర్చిపోను.

"రాలేదు. మీ అమ్మాయికి నాన్న మంచి నమూనా వచ్చింది. తెల్లకణాలు కూడా లెక్క పెట్టించాను, అన్నీ మామూలే."

నేను అప్పుడు కూర్చున్నాను. వదినే అడిగింది, "మరి ఆ గడ్డలేంటమ్మా?" అని.

డాక్టరమ్మ పిట్ట నోరు తెరిపించి లైటు వేసి చూసింది. "కుడి పక్క వెనక పన్ను పుచ్చింది. దాని మూలంగా లేచిన గడ్డ ఇది. పన్ను బాగు చేయించండి. పక్కన చిన్నవి ఈ వయసులో అందరికీ ఉంటాయి. కానీ ఇంత ఎర్రగా, నొప్పిగా ఎందుకుంది? ఎవరైనా నొక్కుతున్నారా?"

పిట్టా వదినా నా వైపు తిరిగారు.

"పొద్దున ఒకసారి చూస్తానండీ" అన్నాను.

"అబద్ధం డాక్టర్. నిద్రలో ఒకటి, జడేసేటప్పుడు ఒకటి, బడి నుంచి రాగానే గుమ్మంలో ఒకటి. మామిడిపండు కొనేవాళ్ళు కూడా అంతలా నొక్కరు" అంది పిట్ట.

డాక్టరమ్మ నవ్వలేదు. లేచి నా పక్కకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, తన దవడ కింద పెట్టుకుంది. "చూడండి. తగిలిందా?"

తగిలింది. చిన్నది, వేళ్ళ కింద జారిపోయేది.

"నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు మీది చూసుకోండి."

నా మెడ మీద నేను ఎప్పుడూ చెయ్యి పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఎడమ పక్కన ఒకటుంది, పెసరగింజంత. వదిన కూడా గబగబా తన మెడ తడుముకుని, "నాకు రెండు!" అంది, పోటీలో గెలిచినట్టు.

"అమ్మా, అది తన పని చేసుకుని తనే తగ్గిపోతుంది. మీరు రోజూ నొక్కితే దాన్ని తగ్గనిచ్చేదెవరు?" అంది డాక్టరమ్మ. అప్పుడు నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు ఇరవై నెలల ఏడుపూ వచ్చింది. పిట్ట నా కొంగుతో నా ముఖం తుడిచి, తర్వాత దాంతోనే తన ముక్కు తుడుచుకుంది.

బయటికి వచ్చాక వదిన మెట్ల మీద కూలబడి, "నేను మొదటి రోజే చెప్పలేదూ, ఆవగింజ అని?" అంది. ఎవరూ కాదనలేదు. ఆయన మోకాళ్ళు వచ్చాయి పిట్టకు, ఆయన పకపక నవ్వు వచ్చింది, మొండితనం వచ్చింది. అవన్నీ ఉంచి ఆ ఒక్క వంకరా తనతోనే పట్టుకుపోయారు. ఇష్టపడి చేసిందేమీ కాదని తెలుసు. అయినా ఆయనకే దణ్ణం పెట్టుకున్నాను, ఆస్పత్రి మెట్ల మీద, అందరి ముందూ.

ఇంటికి వచ్చి ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. చాలా రోజులకు ఆకలేసి తిన్నాను. పిట్ట తిని, కంచం సింకులో పడేసి, "మా స్నేహితురాలికి చెప్పి వస్తా" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తింది.

వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి దాన్ని పూచికపుల్ల ఎత్తనివ్వలేదు నేను. దాని కంచం, దాని బట్టలు, దాని పక్క, అన్నీ నేనే చేశాను. అలిసిపోతుందేమో, పాలిపోతుందేమో అని. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాను.

గిన్నెలు కడిగాను. వదిన కంచం కడిగాను. నాది కడిగాను. పీచు పక్కన పెట్టి కుళాయి కట్టేశాను.

"ఏమే, అదొక్కటీ వదిలేశావేం?" అంది వదిన వెనక నుంచి.

"అది వచ్చి కడుక్కుంటుంది వదినా."

"ఎవరు, పిట్టా? ఇప్పట్లో వస్తుందా? మెతుకులు ఎండిపోతాయి."

"ఎండనీ."

వదిన చెయ్యి చాపబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపి, లైటు ఆర్పాను. ఇద్దరం గదిలోకి పోయి నడుం వాల్చాం. కంచం సింకులోనే ఉంది.